ఎవరూ లేని పిల్ల

లెనోరా విమానం దిగిన రోజు ఊళ్లో సగం మందికి జలుబు. నాకూ ఉంది. గొంతు బొంగురుపోయి, రేడియోలో నా మాట నాకే ఎవరిదోలా వినిపిస్తోంది. ఉత్తరపు అడవుల్లో ఉన్న మా ఆదివాసుల ఊరు వంపుసరస్సులో రేడియో అంటే నేనే. పొద్దున వాతావరణం, మధ్యాహ్నం పుట్టినరోజులూ చావు కబుర్లూ, ఎవరి కుక్క ఎవరి గుమ్మంలో మాంసం ఎత్తుకుపోయిందో ఆ తగాదాలూ, సాయంత్రం అంకెలు చదివి ఆడించే బింగో ఆట. ఇది కాక, బడి వదిలాక పిల్లలకు వండిపెట్టే వంటశాలలో కూడా గరిటె తిప్పుతాను. ఆ వంటశాల ఖర్చు భరించేది టొరంటోలోని ఒక సంస్థ. లెనోరా ఆ సంస్థ మనిషి.

ఆ సంస్థ మనిషే గాని, మా మనిషి కూడా. మా కెజాయవ్వకు చెల్లెలి మనవరాలు. చిన్నతనంలోనే తల్లి పట్నం తీసుకుపోయింది. మా భాష వింటే అర్థమవుతుంది, నోట పలకదు. మాలాంటి ఊళ్లు తిరిగి, జనం చెప్పిన సంగతులు రాసుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లడం ఆమె ఉద్యోగం. అవి చూసి పట్నం వాళ్ల మనసు కరుగుతుంది, చందాలు పంపుతారు. క్రిస్మస్‌కు ముందు పెద్ద విజ్ఞప్తి ఒకటి అచ్చువేసి వేలాది ఇళ్లకు పంపుతారు, బస్టాపుల్లో బొమ్మలు పెడతారు. ఆ ఏడాది దానికి కెజాయవ్వ ఇంటి కథను ఎంచుకున్నారు.

అవ్వ దగ్గర ముగ్గురు మునిమనవలు పెరుగుతున్నారు. వాళ్ల తల్లి ట్రీనా, అవ్వకు మనవరాలు. ఆమెనూ చిన్నప్పటి నుంచి అవ్వే పెంచింది. తాగుడు మాన్పించుకోవడానికి ట్రీనా థండర్ బే పట్నం వెళ్లింది. చికిత్స అయింది, మానేసింది, కానీ వెంటనే ఊరికి వస్తే మళ్లీ ఆ స్నేహాల్లో పడతానేమోనన్న భయంతో అక్కడే పని చూసుకుంది. వేసవిలో లెనోరా వచ్చినప్పుడు అవ్వ ఇదంతా చెప్పింది. టీ పోసి, బానక్ రొట్టె మీద జామ్ రాసి పెట్టి, అడిగినదానికల్లా జవాబు చెప్పింది. సొంత చెల్లెలి మనవరాలు ఇంటికొచ్చి అడుగుతుంటే ఎవరు మాత్రం నోరు మూసుకుని కూర్చుంటారు? సంతకం పెట్టమంటే పెట్టింది. పెద్ద పిల్ల మైకేలా వంటశాలలో కూర్చుని ఉంటే లెనోరా ఫొటోలు తీసుకుంది.

ఇప్పుడు ఆకురాలే కాలం. విజ్ఞప్తి తయారైంది. అచ్చుకు వెళ్లేముందు అవ్వకు ఈమెయిల్లో పంపితే చాలన్నారట ఆఫీసులో. అవ్వకు ఈమెయిలూ లేదు, ఇంగ్లీషు చదవడమూ రాదు. లెనోరా సెలవు పెట్టుకుని, తనే పట్టుకుని వచ్చింది. నా బండిలో ఊళ్లోకి తీసుకొస్తుంటే దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చర్చి మలుపు దగ్గర నోరు విప్పింది.

"నేను రాసింది ఇది కాదు అక్కా. పైనున్న వాళ్లు దిద్దారు. దిద్దిందాన్ని ఇంకొకళ్లు దిద్దారు. కింద మాత్రం నా పేరే ఉంది."

ఆమె కళ్ల కింద నల్లటి వలయాలు చూస్తే, ఒక మంచమూ కంబళీ ఇచ్చి రెండు రోజులు లేపకుండా వదిలేయాలనిపించింది.

అవ్వ ఇంట్లో కాగితం చదవడం కుదిరే పని కాదని వెళ్లిన కాసేపటికే తేలిపోయింది. టీవీ మోగుతోంది, చిన్నవాళ్లిద్దరూ సోఫా మీంచి దూకుతున్నారు, అవ్వకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. లెనోరా ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, నేను మా భాషలో అరవడం, అవ్వ "ఆఁ?" అనడం. చివరికి అవ్వే దారి చెప్పింది. రేడియోలో చదవండి, పొద్దుట్నుంచి రాత్రిదాకా నీ గొంతు వినీ వినీ అది ఒక్కటే నాకు సరిగ్గా ఎక్కుతుంది, గట్టిగా పెట్టుకుని వింటాను, అంది.

ఊరంతా వింటారు అవ్వా, ఇది నీ ఇంటి సంగతి, అని చెప్పి చూశాను.

"పట్నంలో ముక్కూ మొహం తెలీని వాళ్ల ఇళ్లకి పంపుతున్నారుగా? మనూళ్లో వాళ్ల దగ్గరేనేంటే దాపరికం?" అంది అవ్వ.

లెనోరా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం బింగో ముందు చదవడానికి కూర్చున్నాం. స్టేషనంటే ఊరి ఆఫీసు వెనక ఒక గది, ఒక హీటరు, రెండు మైకులు. లెనోరా ఇంగ్లీషులో ఒక పేరా చదువుతుంది, నేను మా భాషలో చెబుతాను. మొదటి వాక్యంలోనే ఇబ్బంది వచ్చింది. "ఎమిలీకి ఎనిమిదేళ్లు" అని ఉంది. మైకేలా పేరు ఎందుకు మార్చారో శ్రోతలకు చెప్పాల్సి వచ్చింది. పిల్లను ఎవరూ గుర్తుపట్టకుండా ఉండాలని అట. మొహం మాత్రం బస్టాపంత వెడల్పున పెడతారు.

రెండో వాక్యం: "ఎమిలీకి ఎవరూ లేరు."

అక్కడ ఆగిపోయాను. మా భాషలో ఆ మాటను ఉత్తినే అనలేం. మా ఊరి పెద్దవాళ్ల నోట దానికి ఉన్న మాట ఒక్కటే. పూర్వం పెద్ద జబ్బు వచ్చి గుడారాలకు గుడారాలే తుడిచిపెట్టుకుపోయినప్పుడు, శవాల మధ్య ప్రాణాలతో దొరికిన పిల్లలను అలా అనేవారు. లెనోరా వైపు చూశాను. ఆమె కాగితం వైపు చూస్తోంది. ఇంకో మాట దొరక్క ఆ మాటే అన్నాను. అని, మిగతాది చదివాం. తల్లి మద్యానికి బానిసై కన్నబిడ్డలను వదిలేసి వెళ్లిపోయిందని, పొద్దుగూకితే ఆ చిన్నారి ఖాళీ పళ్లెం ముందు కూర్చుని ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తుందని, మీరు తలచుకుంటే ఆమెకు ఒక కుటుంబం లాంటిది దొరుకుతుందని.

ఫోను మోగడం మొదలైంది.

మొదటి ఫోను టోబయస్‌ది. చేపలు పట్టుకుని బతికే ముసలాయన. బింగో కోసం చేశాడేమో అనుకున్నాను.

"ఎవరూ లేకపోవడమేంటి హల్దా? దాన్ని రోజూ నా బండిలో బడికి దింపుతున్నదెవరు, దెయ్యమా?"

ఆ తర్వాత వంటశాలలో నాతో పనిచేసే ఆమె. ఆ ఖాళీ పళ్లెం సంగతి తేలాలంది. ఫొటో తీసిన రోజు చేపల పులుసు చేశామనీ, మైకేలా రెండోసారి పెట్టించుకుని మరీ తిందనీ, పళ్లెం ఖాళీ అయ్యిందంటే అందుకేననీ, వండిన మనిషిగా తనకు అవమానంగా ఉందనీ చెప్పింది. మూడో ఫోను చేసినవాళ్లు, ఆ కుటుంబం లాంటిదేదో దొరికితే మాకూ ఒకటి పంపమనండి, మా వాళ్లతో వేగలేకపోతున్నాం అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. లెనోరా కూడా నవ్వబోయి ఆగింది.

నాలుగో ఫోను ఎత్తి, చెప్పండి అన్నాను. అవతల ఏదో తోపుడు బండి చక్రాలు గచ్చు మీద దొర్లుతున్న శబ్దం.

"హల్దక్కా, నేను ట్రీనాని."

మా రేడియో ఇప్పుడు ఫోన్లో ఎక్కడి నుంచైనా వినొచ్చు. పట్నంలో ఉన్న మా పిల్లలు బెంగపెట్టుకుని వింటారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా ట్రీనా వింటుందని ఆ సాయంత్రం నాకు తట్టలేదు.

"పనిలో ఉన్నా. ఇక్కడ హోటల్లో దుప్పట్లు మారుస్తా కదా, చెవిలో మీరే ఉంటారు రోజూ. ఆ వదిలేసి పోయిన తల్లిని నేనే."

లైను కట్ చేసి విడిగా మాట్లాడదామా అని అడిగాను. వద్దంది. చదివింది అందరూ విన్నారుగా, ఇదీ విననీ, అంది.

"తాగలేదనట్లేదు. నేనెలా తాగేదాన్నో మీకందరికీ తెలుసు. కానీ వదిలేసి పోలేదు. నా పెట్టె సర్దింది అమ్మమ్మే. విమానం దాకా వచ్చింది. మైకేలా నాకు టాటా చెప్పింది, చిన్నోడు నిద్రపోతున్నాడు. వదిలేయడమంటే అలా ఉంటుందా?" బండి చక్రాల చప్పుడు ఆగింది. "రేపు ఇక్కడ బస్టాపులో నా కూతురి మొహం పెడితే, కింద ఆ మాటలు రాస్తే, నేను ఏ బస్సెక్కాలి అక్కా?"

గదిలో హీటరు టిక్కు టిక్కుమంటోంది.

"లెనోరా ఉందా అక్కడ?"

"ఉన్నా," అంది లెనోరా, మైకుకు దగ్గరగా జరిగి.

"నన్నెందుకు అడగలేదు?"

"నీ నంబరు నా దగ్గర..."

"ఫ్రిజ్ మీద అంటించి ఉంది. అమ్మమ్మ ఫ్రిజ్ మీద. నువ్వు టీ తాగిన చోట్నుంచి కనబడుద్ది."

నేను కలగజేసుకోబోతే లెనోరా చెయ్యి ఎత్తి ఆపింది.

"అడగాల్సింది. అడగలేదు," అంది.

"సరే. అదే వినాలనుకున్నా. ఇంకా పై అంతస్తు మొత్తం ఉంది నాకు. మీరు బింగో ఆడుకోండి," అని ట్రీనా పెట్టేసింది.

ఒక పాట వేశాను. ఆ తర్వాత బింగో నడిపాను. అంకెలు చదువుతుంటే ఏ అంకె చదివానో నాకే గుర్తుండడం లేదు.

అవ్వ ఇంటికి వెళ్లేసరికి ఆమె రేడియో కట్టేసి కుర్చీలో కూర్చుని ఉంది. లెనోరాను తిడుతుందనుకున్నాను. తిన్నావా అని అడిగింది. తినలేదంటే పొయ్యి మీదున్న దుప్పి మాంసం కూర వేసి ఇచ్చింది. లెనోరా తింటున్నంతసేపూ అవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉంది.

"ట్రీనా సంగతి చెప్పింది నేనే," అంది చివరికి. "చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది నాకు. గుండెలో బరువు దింపుకుందామని మన పిల్లకి చెప్పుకున్నా. ఊరూరా పంచమని ఇవ్వలేదు. ఇచ్చానో ఏమో, ఆ సంతకం దానికేనేమో. నాకు తెలీలేదు."

లెనోరా గిన్నె పక్కన పెట్టి, అవ్వ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. అవ్వ ఆమె జుట్టులో వేళ్లు పెట్టి, పేలు చూస్తున్నట్టుగా పాయలు తీస్తూ ఉండిపోయింది. చిన్నవాడు వచ్చి, ఈ అక్క ఎందుకు ఏడుస్తోంది అని అడిగాడు. జలుబు అని చెప్పాను.

మర్నాడు స్టేషను నుంచే లెనోరా తన పైఅధికారికి ఫోను చేసింది. పేరు మార్గో. నేనూ విన్నాను. కోపంగా ఉంటుందనుకున్న మనిషి గొంతు, మా గొంతుల్లాగే అలసిపోయి ఉంది. అవ్వ సంతకం ఉంది కదా అని ముందు అడిగింది. ఆ సంతకం అవ్వ మాటలకే, కూతురులాంటి మనవరాలి బతుక్కి కాదు అని లెనోరా చెప్పింది. చట్టం ప్రకారం అది సరిపోతుంది అంది మార్గో.

"నాకు తెలియదనుకోకు లెనోరా. ఈ పనిలో నా జుట్టు నెరిసింది. ఏడిపించే కథ పంపిన ఏడాది వంటశాలలు నడుస్తాయి. నవ్వే మొహాలు పంపిన ఏడాది ఏదో ఒక ఊరికి ఫోను చేసి, ఇక మావల్ల కాదని నేను చెప్పాలి. ఆ ఫోను చేసేది నువ్వు కాదు, నేను. ఈసారి మీ ఊరికే చేయాల్సి వస్తే?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు నీరసం వచ్చింది. అబద్ధమైతే రెండు తిట్లు తిట్టి బయటపడేవాళ్లం. వారం చివరికల్లా వేరేది రాసి పంపితే చూస్తానంది మార్గో. మాట మాత్రం ఇవ్వనంది.

ఆ మూడు నాలుగు రోజులూ అవ్వ వంటింట్లోనే రాశాం. ట్రీనా పని మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా ఫోన్లో ఉండేది. లెనోరా ఇంగ్లీషులో రాసి, చదివితే, నేను మా భాషలో చెప్పడం, అవ్వ ఒప్పుకోవడమో తోసేయడమో. అవ్వ చాలా వాటిని తోసేసింది. "చలిలో వణికే చిన్నారులు" అన్నచోట, వణికితే స్వెట్టరు వేస్తాం కదే, చేతుల్లేవా మాకు అంది. లెనోరా పెన్ను కింద పెట్టి, మరి ఏం కావాలో నువ్వే చెప్పు అవ్వా అంది.

"పొయ్యి కావాలి. ఉన్నదానికి రెండు బర్నర్లే వెలుగుతాయి. బంగాళదుంపలు విమానంలో వస్తే బంగారం రేటు పడతాయి, అవి కావాలి. వండేవాళ్లు ఉన్నారు, తినేవాళ్లు ఉన్నారు. జాలి మా దగ్గర బోలెడు ఉంది, అది పంపొద్దను."

అదే రాశాం, జాలి మాట తీసేసి. అది మాత్రం మర్యాదగా ఉండదని లెనోరా బతిమాలితే అవ్వ ఒప్పుకుంది. ట్రీనా తన గురించి ఒక్క వాక్యం ఉండనిచ్చింది. ఈ పిల్లల అమ్మ పట్నంలో పనిచేస్తోంది, ఆదివారాలు ఫోను చేస్తుంది అని. ఒకసారి చదివించుకుని విని, సరే అంది. ఇంకోసారి చదవమంది. నిజంగానే అచ్చేస్తారా అని అడిగింది.

ఫొటో కోసం లెనోరా మైకేలాను అడిగింది. వేసవిలో తీసింది వాడనా, కొత్తది తీయనా అని. మైకేలా వేసవి ఫొటో చూసి, నా ముక్కు ఇంత లావుగా ఉందేంటి, ఏదీ వద్దు, అని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. దాంతో ఆ సంగతి ముగిసింది. చివరికి వంటశాలలో పాత పొయ్యి చుట్టూ మేం నిలబడి తీయించుకున్నాం. కింద మా అసలు పేర్లే రాయమన్నాం. టోబయస్‌కు వంటతో సంబంధం లేకపోయినా, చేపలు ఇచ్చేది నేనే కదా అని మధ్యలో దూరాడు.

మార్గో దాన్ని అచ్చుకు పంపింది. ఎందుకు పంపిందో నాకు తెలియదు. లెనోరాను అడిగితే, తనకీ తెలియదంది.

కొత్త సంవత్సరం వచ్చాక మార్గో ఫోను చేసింది, ఈసారి నేరుగా నాకే. కిందటి ఏడాది కంటే బాగా తక్కువ వచ్చిందని చెప్పింది. వీళ్లు బాగానే ఉన్నారుగా, మా డబ్బు ఎందుకు అని కొందరు రాశారట. బడి ఉన్న ఐదు రోజులూ నడిచే వంటశాల ఇక వారానికి మూడు రోజులే అంది. సారీ అంది. నేను థాంక్స్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అలవాటు. ఫోను పెట్టేశాక గదిలో లైటు ఆర్పి, కోటు కూడా వేసుకోకుండా అలాగే కూర్చున్నాను. ఒప్పు పని చేశాం అని నాకు నేను చెప్పుకున్నాను. దానివల్ల వంటశాల మూసి ఉండే గురువారం పూట ఎవరికీ కడుపు నిండదు.

మిగతా రెండు రోజులూ మేమే చూసుకుంటున్నాం. ఒక రోజు అవ్వ ఇంట్లో, ఒక రోజు మా ఇంట్లో. టోబయస్ తెల్లచేపలు తెచ్చి పడేస్తాడు. కొన్నిసార్లు బానక్, జామ్, టీ అంతే. పిల్లలు వస్తారు, కొందరు రారు. రాని వాళ్ల గురించే నా బెంగ. పొయ్యి మాత్రం వచ్చింది. సరస్సులు గడ్డకట్టి వాటి మీదుగా లారీలు నడిచే మంచుదారి తెరిచినప్పుడు ఒక లారీ దాన్ని దించి వెళ్లింది. ఎవరో వాడిందే, కానీ బర్నర్లన్నీ వెలుగుతాయి.

లెనోరా ఉద్యోగం వసంతంతో ముగిసింది. కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. సంచులు పట్టుకుని మా దగ్గరకు వచ్చి, అవ్వ సోఫాలో చాలా రోజులు ఊరికే నిద్రపోయింది. లేచినప్పుడల్లా అవ్వ ఏదో ఒకటి తినిపించేది. మెల్లగా మా మాటలు నోటికి రావడం మొదలైంది. మొదట వచ్చినవన్నీ తిట్లే, టోబయస్ పుణ్యం.

సరస్సు మీద మంచు కరిగాక, జూన్‌లో, ట్రీనా వారం రోజులు ఉండడానికి వచ్చింది. రన్‌వే పక్కన పిల్లలు ముగ్గురూ వరసగా నిలబడ్డారు. చిన్నవాళ్లు పరుగెత్తారు. మైకేలా కదల్లేదు. తల్లి దగ్గరకు వస్తే, చేతులు వెనక్కి పెట్టుకుని, నీ పెట్టె నేను మోస్తాలే అంది. మూడు రోజులు అలాగే దూరంగా తిరిగింది. ట్రీనా బలవంతపెట్టలేదు. వంటశాలలో నా పక్కన కూర్చుని బంగాళదుంపలు చెక్కుతూ, కూతురు ఎటు పోతే అటు తల తిప్పుతూ ఉండేది. లెనోరా వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చుని తనూ కత్తి తీసుకుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. నువ్వు తొక్కతో పాటు సగం దుంప పారేస్తున్నావు అంది ట్రీనా. మీ హోటల్ వాళ్లు నేర్పారా ఇది అంది లెనోరా. అంతే.

వెళ్లాల్సిన రోజు పొగమంచు కమ్మి విమానం రాలేదు. మర్నాడూ రాలేదు. పని పోతుందేమోనని ట్రీనా హోటలుకు ఫోను చేసి, పొగమంచు ఎలా ఉంటుందో వాళ్లకు వర్ణించి వర్ణించి విసిగిపోయింది. ఆ రాత్రి అవ్వ ఇంట్లో మంచాలు చాలక అందరూ హాల్లోనే పడుకున్నారట. తెల్లారేసరికి మైకేలా తల్లి దుప్పట్లో ఉందట, ఎప్పుడు దూరిందో ఎవరూ చూడలేదు. అవ్వ మాత్రం పొద్దున్నే మా ఇంటికి వచ్చి కూర్చుని, ఒక్కళ్లూ సరిగ్గా నిద్రపోనివ్వలేదు, లెనోరా గురక పెడుతుంది, ట్రీనా పళ్లు కొరుకుతుంది, పొగమంచు ఎప్పుడు పోతుందో ఏమో అని గొణుక్కుంటూ, నా సోఫాలో కాళ్లు చాపుకుని మధ్యాహ్నం దాకా నిద్రపోయింది.